కోఠీ కట్టించిన దొర: హష్మత్ జంగ్ కిర్క్‌పాట్రిక్ చరిత్ర

మన గ్రంథాలయమునకు పుస్తకములు కొనవలసి వచ్చినప్పుడెల్ల మనవారు మంచిర్యాలలో రైలెక్కి హైదరాబాదు పోయి తిన్నగా కోఠీకే చేరుదురు. అచ్చటి దుకాణములలోను కాలిబాటల మీదను దొరకు పాత పుస్తకములను సంచులకెత్తుకొని, సుల్తాన్ బజారులో ఇంటివారికి రెండు చీరలు కొని, మరల బండి యెక్కుట మనకు వాడుక. కోఠీ, కోఠీ యని నిత్యము పలుకుచునే యున్నాము గాని ఆ పేరు దేనివలన వచ్చినదో విచారించువారు అరుదు. కోఠీ యనగా పెద్ద మేడ. ఆ మేడ ఎచ్చటికిని పోలేదు. బస్సులు నిలుచు వీథికి ఆవల, ప్రహరీగోడ లోపల, చెట్లనడుమ నేటికిని నిలిచియున్నది. మన బొగ్గుగనుల ప్రాంతపు ఆడపిల్లలును కొందరు అందు చదువుకొని వచ్చినారు.

రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని జీవితము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరినప్పుడు నేను ఆ మేడ కట్టించిన దొరను ఎన్నుకొంటిని. తెలుగు పెద్దలు ఇందరుండగా ఆంగ్లేయుని కథ మనకేల యని ఒకరిద్దరు మిత్రులు ఆక్షేపించిరి. వారి మాట కాదనను. కాని గోదావరి యొడ్డుననున్న మన నస్పూరు నాడు నిజాం రాజ్యములోని పల్లె. ఆ రాజ్యపు కళ్లెము నిజాము చేతినుండి కుంపిణీవారి చేతికి జారిన దినములలో మధ్యవర్తిగా నిలిచినవాడు ఈ దొర. తెలుగుదేశములోని నాలుగు సీమలు ఒక్క కాగితముతో చేతులు మారినది ఇతని కాలముననే. అతని కథ తెలియనిచో మన కథయును కొంత తెలియదు.

ఇతని పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1764లో మద్రాసులో జన్మించెను. తండ్రి కుంపిణీ సైన్యమున కర్నలు. జేమ్స్ బాల్యమున ఇంగ్లండు పోయి అచ్చట చదివి, యౌవనము రాకమునుపే మద్రాసు సైన్యమున చేరెను. పదునైదు సంవత్సరములు గడచినను చెప్పుకోదగిన పేరు రాలేదు. అతనికి విలియం అను సవతి అన్న యుండెను. పారశీకము బాగుగా నేర్చినవాడు. ఆ విలియం హైదరాబాదులో కుంపిణీవారి రెసిడెంటు, అనగా నిజాము దర్బారునందలి రాయబారి. తమ్ముడు 1795లో అన్నకు సహాయకుడుగా వచ్చెను. అన్న ఆరోగ్యము చెడి 1797లో వెడలిపోగా ఆ పని తమ్ముని మీద పడెను. మరుసటి యేట అది స్థిరమయ్యెను. ఆనాటికి అతని వయస్సు ముప్పదినాలుగు.

అప్పటి హైదరాబాదు స్థితి కొంత చెప్పవలెను. నిజాం అలీఖాను వృద్ధుడు. 1795లో ఖర్దా యుద్ధమున మరాఠాలచేత ఓడిపోయి మిగుల క్రుంగియుండెను. అతని కొలువున ఫ్రెంచివాడైన రేమండు శిక్షణ యిచ్చిన సేన బలముగా నుండెను. మూసారాంబాగ్ అను పేటకు పేరిచ్చినవాడు ఆ రేమండేయని జనులు చెప్పుదురు. అతడు 1798 మార్చిలో చనిపోయెను. అదే సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన కిర్క్‌పాట్రిక్ నిజాముచేత ఒక సంధి వ్రాయించెను. దాని ప్రకారము ఫ్రెంచి సేనను తీసివేసి, కుంపిణీ సేనను నిజాం ఖర్చుతో ఉంచుకొనవలెను. ఫ్రెంచి సేన పదునాలుగు వేలని లెక్క. అంతటి సేనను అక్టోబరు నెలలో ఇంచుమించు రక్తము చిందకుండ ఆయుధములు దింపించుట చిన్న కార్యము కాదు. సిపాయిలకు జీతములు బాకీపడి, అధికారుల మీద కోపముతో నుండుట అతనికి కలిసి వచ్చెను. ఆ ఒక్క పనితో గవర్నరు జనరలు వెలస్లీ కంట అతడు పడెను.

అయినను ఇతడు తక్కిన దొరలవంటివాడు కాడు. ఇంట ముసల్మాను నవాబులవలె పొడుగంగీ తొడుగుచు, హుక్కా పీల్చుచు, చేతులకు గోరింట పెట్టుకొనుచుండెను. హిందూస్థానీ, పారశీకములు ధారాళముగా మాటలాడెను. నిజాం అలీఖాను ఇతనిని కుమారునిగా భావించి హష్మత్ జంగ్ అను బిరుదమిచ్చెను. దర్బారు మర్యాదలలో ఎవరికి ఎంత వంగవలెనో, ఎవరి తాంబూలము ఎట్లు పుచ్చుకొనవలెనో తెలిసిన తెల్లవాడు అరుదు. ప్రధానమంత్రి అరిస్తుజాకు ఇతడు ఆప్తుడయ్యెను.

ఈ ఆప్తత యొక్క రెండవ మొగము కూడ చూడవలెను. 1799లో శ్రీరంగపట్టణము పడి టిప్పు సుల్తాను మరణించిన పిమ్మట మైసూరు రాజ్యములో కొంత భాగము నిజామునకు వచ్చెను. 1800 అక్టోబరు 12న కిర్క్‌పాట్రిక్ చేయించిన రెండవ సంధితో ఆ భాగమంతయు, అంతకుముందు మైసూరునుండి వచ్చిన సీమలతో గూడ, సేన ఖర్చుక్రింద కుంపిణీ పరమయ్యెను. బళ్లారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములు ఇట్లు పోయినవే. దత్తమండలములని వాటికి పేరు. 1928లో నంద్యాల సభనాడుగాని రాయలసీమ యను గౌరవనామము రాలేదు. నిజాము తనను కాపాడు సేనకై భూమి నిచ్చెను. ఆ సేనయే అతనికి కాపలా కూర్చుండెను. కుమారుడని పిలిపించుకొన్నవాడే ఈ పత్రము ముందుంచి సంతకము చేయించెను. ఇందులో ద్రోహమెంత, ఉద్యోగధర్మమెంత యని తూచి చెప్పుట నాకు సాధ్యము కాదు. వెలస్లీ మొండితనము చూచి కిర్క్‌పాట్రిక్‌కే తరువాత అసహ్యము పుట్టెననియు, నిజాము పట్ల కుంపిణీ అన్యాయముగా పోవుచున్నదని వగచెననియు అతని చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. వగచినను ఉద్యోగము విడువలేదు.

ఇక అతని జీవితమును తలక్రిందులు చేసిన సంగతి. కుంపిణీ సేనకు జీతములు పంచు బక్షీగా బాకర్ అలీఖాను అను వృద్ధ ప్రభువుండెను. అతని కూతురు షరఫున్నిసా. ఆమె కూతురు ఖైరున్నిసా. ఈ పిల్లకు అప్పటికే ఒక ప్రభువంశపు యువకునితో వివాహము నిశ్చయమైయుండెను. అక్క పెండ్లి వేడుకలలో తెరచాటునుండి ఆమె రెసిడెంటును చూచెననియు, మనసు పడినది మొదట ఆమెయే యనియు చెప్పుదురు. అప్పటికి ఆమె వయస్సు పదునాలుగేండ్లకు మించదు. నేటి చట్టమునకును, నేటి మన మనస్సునకును ఇది సమ్మతము కాదు. ఆ కాలమున ఆ వయస్సున పెండ్లిండ్లు జరుగుచుండెను. ఇతడు రహస్యముగా ఇస్లాము పుచ్చుకొని ఆమెను నికా చేసికొనెను. పట్టణమంతయు గుసగుసలు బయలుదేరినవి. బంధువైన మీర్ ఆలం పగబట్టెను. రెసిడెంటు తన అధికారముతో ఒక ప్రభువింటి కన్యను బలాత్కరించెనని కలకత్తాకు ఫిర్యాదులు పోయినవి. 1801లో వెలస్లీ రహస్య విచారణ జరిపించెను. ఆ విచారణలో ఉద్యోగము పోకుండ బయటపడుట ఇతని అదృష్టము. 1801 మార్చి 4న వారికి కుమారుడు కలిగెను. వానిని సాహెబ్ ఆలం అని పిలిచిరి. 1802 ఏప్రిలు 9న కుమార్తె కలిగెను. ఆమె సాహెబ్ బేగము.

మేడ కథ ఇచ్చట మొదలగును. మూసీనది ఉత్తరపుటొడ్డున, పట్టణపు కోటగోడకు ఎదురుగా, తోటలో పాత రెసిడెన్సీ యుండెను. అది కురచయైన మంటపములు గల ఒక ప్రభువుగారి తోటయిల్లు. వానలకు కురియుచుండెను. కిర్క్‌పాట్రిక్ ఆ తోటను, చుట్టుపట్ల స్థలమును శాశ్వతముగా ఇప్పింపుమని నిజామును కోరెను. దీనినిగూర్చి జాన్ మాల్కం దొర వ్రాసిపెట్టిన వినోదమొకటి కలదు. ఇంజనీరు ఆ స్థలమును కొలిచి పెద్ద కాగితముమీద పటము గీయగా, రెసిడెంటు దానిని దర్బారులో పరచెను. నిజాము చూచి, విచారముతో, ఇయ్యలేనని తల త్రిప్పెను. కారణమేమని మంత్రి నడిగితే తెలిసినది: తన రాజ్యమంతటి పటములు కూడ అంత పెద్ద కాగితముమీద ఆయన ఎన్నడును చూచియుండలేదట. ఇంత స్థలము పోయినచో తనకు మిగులునదేమని భయపడెనట. కొన్నాళ్లకు అదే పటమును చీటిముక్కంత కాగితముమీద గీయించి చూపగా నవ్వుచు ఒప్పుకొనెను. మన గనులలో సర్వే పటములు చూచినవారికి ఈ కథ నవ్వు పుట్టించును. అంగుళమునకు ఎన్ని అడుగులో తెలియనిచో పటము పటము కాదు. కాని నాకు నవ్వుతోబాటు మరియొకటి తోచుచున్నది. రెండేండ్ల క్రిందట నాలుగు సీమలు పోయిన కాగితము ఎంత చిన్నదో ఆ వృద్ధునికి బాగుగా గుర్తుండవచ్చును.

మేడకు నమూనా వేసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళములోని లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. ఇతడు లండనులో పేరొందిన చిత్రకారుడు జాన్ రస్సెల్ కుమారుడు. తరువాత రెసిడెంటైన హెన్రీ రస్సెల్ వేరు. ఇద్దరి పేర్లు ఒకటగుటచే కలిపి చెప్పువారున్నారు. 1803 ప్రాంతమున పని మొదలయ్యెను. ఖర్చు పెట్టినది నిజాము ఖజానా. అందుచేత దీనిని కుంపిణీవారి మేడ యనుట సగము మాటయే. సొమ్ము మన రాజ్యపు రైతులది. శ్రమ మన మేస్త్రీలది, కూలీలది. వారి పేర్లు ఏ శిలమీదను లేవు.

మేడ పద్ధతి ఈ దేశపుది కాదు. పదునారవ శతాబ్దమున ఇటలీలో పల్లాడియో అను శిల్పి ప్రాచీన రోమను దేవాలయముల కొలతలు పట్టి ఇండ్లు కట్టు మార్గమొకటి చూపెను. ఇంగ్లండు ప్రభువులు రెండువందల ఏండ్లు ఆ మార్గమునే మెచ్చిరి. వెలస్లీ కలకత్తాలో 1803 నాటికి ముగించిన గవర్నమెంటు హౌసు ఆ తీరుదే. అమెరికా అధ్యక్షుని శ్వేతభవనమును చూచి కోఠీని కట్టిరని కొందరు చెప్పుట విన్నాను. అది సరి కాదు. రెండును ఒకే చెట్టు కొమ్మలు గనుక పోలిక కలిగినది. ఉత్తరపు ముఖమున ఆరు మహాస్తంభములు రెండంతస్తుల ఎత్తు లేచి, పైన త్రికోణపు చూరును మోయుచున్నవి. ఆ త్రికోణమున కుంపిణీవారి ముద్ర చెక్కబడినది. స్తంభముల తలలమీద ఆకులు ముడిచినట్టి చెక్కడము. దీనిని కొరింథియను రీతి యందురు. దూరమునుండి చూచువారు ఇవి పాలరాతివని భ్రమపడుదురు. లోపల ఇటుక, పైన డంగు సున్నము. రాతివలె నిగనిగలాడునట్లు సున్నమును నూరి పూసి మెరుగుపెట్టు విద్యకు నాడు మద్రాసు పేరెన్నికగన్నది. ఇరువదికి పైబడిన వెడల్పాటి మెట్లు, వానికి ఇరుప్రక్కల సింహములు. మెట్లెక్కి లోనికి పోయినంతనే రెండంతస్తుల ఎత్తుగల దర్బారు హాలు. చుట్టును మేడమీది వసారా. అద్దములు, దీపగుచ్ఛములు. దక్షిణపు ముఖము మూసీవైపు. తోటను గూర్చి దొరకు మేడకంటె మోజెక్కువ. దూరప్రాంతములనుండి విత్తనములు, మొక్కలు, మేయించుటకు జింకలు, వింత గొఱ్ఱెలు తెప్పించుకొనెనట.

మేనకోడలిని చేర్పించుటకు పోయి నేనును ఒకమారు ఆ మెట్లమీద గంటసేపు కూర్చుంటిని. వైశాఖపు ఎండ. స్తంభముల నీడ చల్లగా నుండెను. ఉత్తరముఖముగా కట్టుటలోని సుఖము నాకు అప్పుడు తెలిసినది. పటములో తెల్లదేశపు అందముండవచ్చును గాని, ఎండ ఎటనుండి వచ్చునో ఆ ఇంజనీరు మరువలేదు.

ఇదంతయు దొరతనపు భాగము. భార్యకై అతడు కట్టించినది వేరు. మేడ ఆవరణలోనే, గోడల చాటున, మొగలాయి పద్ధతిలో రంగమహలు అను అంతఃపురము వెలసెను. నడుమ నీటితొట్టి, జలయంత్రములు, చిత్రములు వ్రాసిన గోడలు. ఖైరున్నిసా ఘోషా విడువలేదు. పరపురుషులు తిరుగు ముందుభాగమునకు ఆమె రాలేదు. తనకై కట్టిన ఆవరణలోనున్న మహామేడ ముఖము ఆమెకు కనబడలేదు. అందుచేత మేడ మొత్తమును అచ్చుగుద్దినట్లు చిన్న నమూనాగా కట్టించి రంగమహలు తోటలో ఆమె యెదుట నిలిపెనని పట్టణమున తరతరములుగా చెప్పుకొనుచున్నారు. కట్టడమునకు ముందు కొలతలకై చేసిన నమూనా యది, తరువాత కథ పుట్టినదని శంకించువారు కలరు. రెండును నిజము కావచ్చునని నాకు తోచును. పని ముగిసిన నమూనాను పారవేయక భార్యకు చూపినచో తప్పేమి?

మేడ ముగియకముందే అతని దినములు ముగియవచ్చెను. 1803 ఆగస్టులో నిజాం అలీఖాను, 1804లో అరిస్తుజా గతించిరి. మీర్ ఆలం మంత్రి అయ్యెను. దొరకు కాలేయరోగము. ఆ కాలపు దొరల వాడుక ననుసరించి పిల్లలను చదువునకై ఇంగ్లండు పంప నిశ్చయించెను. ఐదేండ్లు నిండని కొడుకు, మూడేండ్ల కూతురు. తల్లి ఎంత ప్రతిఘటించెనో, ఎట్లు ఒప్పుకొనెనో ఊహించుకొనవలసినదే. ఓడ యెక్కుటకు ముందు మద్రాసులో జార్జి చిన్నెరి అను చిత్రకారుడు ఆ బిడ్డలనిద్దరను హైదరాబాదు దుస్తులలో, జరీ టోపీలతో, మెట్లమీద నిలువబెట్టి నిలువెత్తు చిత్రము వ్రాసెను. 1805 సెప్టెంబరులో ఓడ సాగిపోయెను. ఆ శరత్కాలముననే క్రొత్త గవర్నరు జనరలు కారన్‌వాలిసును కలియుటకై కలకత్తా పోయిన కిర్క్‌పాట్రిక్ రోగము ముదిరి అక్టోబరు 15న అచ్చటనే కన్నుమూసెను. నలుబదియొక్క ఏండ్లు. కారన్‌వాలిసు సైతము పదిదినముల ముందే గాజీపురమున మరణించియుండెను. మేడ పనులు 1806 ప్రాంతమున గాని పూర్తి కాలేదు. కట్టించినవాడు దాని దీపములు వెలుగుట చూడలేదు.

ఖైరున్నిసాకు అప్పటికి పందొమ్మిదేండ్లు. భర్త సమాధి చూచుటకై తల్లితో కలకత్తా పోయెను. అచ్చట భర్తకు సహాయకుడైయున్న హెన్రీ రస్సెల్ ఆమెకు దగ్గరయ్యెను. తరువాత వేరొక తెల్లకన్యను వివాహమాడెను. ఈలోగా మీర్ ఆలం ఆమెను హైదరాబాదు రానీయలేదు. కొంతకాలము మచిలీపట్టణమున సముద్రపుటొడ్డున దిక్కులేక కాలము గడపెను. మీర్ ఆలం మరణించిన తరువాత ఇల్లు చేరుకొని, 1813 సెప్టెంబరు 22న, ఇరువదియేడేండ్లకు, హైదరాబాదుననే చనిపోయెను. పిల్లలను మరల చూడలేదు. ఆ మరణకాలమున రెసిడెంటు పీఠము మీద నున్నవాడు హెన్రీ రస్సెలే.

పిల్లలకు 1806 మార్చిలో లండనులో బాప్తిస్మమిచ్చి విలియం, కాథరిన్ అని పేర్లు పెట్టిరి. విలియం 1828లో చనిపోయెను. కాథరిన్ నందరును కిట్టీ యని పిలిచిరి. థామస్ కార్లయిలు అను గొప్ప రచయిత యౌవనమున ఆమెను చూచి మోహపడి తన గ్రంథములో ఒక నాయికను ఆమెనుబట్టి కల్పించెనని పండితుల అభిప్రాయము. ఆమె 1829లో ఒక సేనాధికారిని పెండ్లాడి బిడ్డల తల్లియై యొకనాడు హెన్రీ రస్సెల్ గారింట తన చిన్ననాటి చిత్రము గోడకు వ్రేలాడుట చూచి కంటతడి పెట్టెను. తరువాత ఆ చిత్రము ఆమెకే చేరినది. 1841 ప్రాంతమున, ముప్పదియారేండ్లకు, హైదరాబాదులో అమ్మమ్మ షరఫున్నిసా ఇంకను బ్రతికియున్నదని తెలిసి జాబు వ్రాసెను. ఒకరి భాష ఒకరికి రాదు. ఆ జాబులకు నడుమ అనువదించువారు కావలసి వచ్చిరి. ముసలి యమ్మమ్మ తన కూతురి తలవెండ్రుకలు కొన్ని కాగితమున చుట్టి మనుమరాలికి పంపెను. వారు కలిసికొనలేదు. 1847లో అమ్మమ్మ, 1889లో కిట్టీ గతించిరి.

మేడ మాత్రము ఎన్నో చూచినది. 1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను రోహిల్లాలను వెంటబెట్టుకొని దానిమీదికి దండెత్తిరి. ఫిరంగుల ముందు నిలువలేకపోయిరి. తుర్రేబాజ్‌ఖానును తరువాత కాల్చి చంపి శవమును వ్రేలాడదీసిరి. మౌల్వీని అండమానుకు పంపిరి. 1860 ప్రాంతమున ఒక రెసిడెంటు రంగమహలును పూర్వపు దొరల సిగ్గుమాలినతనమునకు గుర్తుగా తలంచి పడగొట్టించెను. దాని ద్వారమొకటి మిగిలినది. 1947లో తెల్లవారు పోయిరి. 1949లో ఆ మేడలోనికి ఆడపిల్లల కళాశాల వచ్చెను. స్త్రీ ముఖము చూడరాదని గోడలు కట్టిన ఆవరణలో వేలకొలది బాలికలు పుస్తకములు చేతబట్టి ముందుమెట్ల మీదనుండియే ఎక్కి దిగిరి. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమయ్యెను. తరువాత దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి. భూమికై దొరల నెదిరించిన పాలకుర్తి చాకలి స్త్రీ పేరు ఆ ఆరు స్తంభముల మేడకు వచ్చినది. శిథిలమైన భాగములను కొన్ని సంవత్సరములుగా నిపుణులు బాగుచేయుచు వచ్చిరి.

ఈసారి పుస్తకములకై కోఠీ పోవువారు అనుమతి దొరకినచో లోనికి పోయి మేడ వెనుకభాగమును కూడ చూచి రావలెనని నా మనవి. చెట్లక్రింద ఆ చిన్న నమూనా మేడ యున్నది. చెట్టుకొమ్మ విరిగిపడి చితికిపోగా దానిని మరల సరిచేసిరి. స్తంభములు, చూరు, మెట్లు అన్నియు మన చేతికందు ఎత్తున నుండును. దాని ముందు నిలువబడి చూచువారికి మేడ ముఖము కనబడును. అసలు మేడకు వారి వీపు తిరిగియుండును.